మొక్కజొన్న విత్తే ముందు నేలనే అడుగుదాం



మనం మొక్కజొన్న అంటాం. ఆదిలాబాద్ వైపు మక్క అంటారు. మహారాష్ట్రలోనూ ఒడిశాలోనూ ఉన్న మన ఇరుగుపొరుగు మకా అంటారు. బళ్లారి, కోలారు ప్రాంతాల్లో మెక్కెజోళం అనే మాట వినిపిస్తుంది. పేరు ఏదైనా గింజ ఒకటే, దాని స్వభావమూ ఒకటే. చల్లని నేలలో అది త్వరగా కన్ను తెరవదు. సంక్రాంతికి ముందూ వెనుకా బోరు కింద, చెరువు కింద, కొండవాగు కింద వేసవి పంటగా మొక్కజొన్న వేయాలనుకునే రైతు సోదరులూ సోదరీమణులూ ఈ సంగతి ముందుగా ఆలోచించాలి. నేల తగినంత వేడెక్కిందో లేదో ఎలా తెలుసుకోవాలి? ఎంత వేడెక్కితే విత్తవచ్చు? ఎంతవరకు ఆగవచ్చు? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం చెప్పుకోవడమే ఈనాటి ప్రసంగం ఉద్దేశం.

అదును, పదును అనే రెండు మాటలు మన రైతు నోట జంటగానే వస్తాయి. అదును అంటే కాలం, పదును అంటే నేలలోని సరైన తేమ. తొలకరి పంటకు ఈ రెండూ చాలు, ఎందుచేతనంటే జూన్ మాసంలో నేల ఎలాగూ వెచ్చగానే ఉంటుంది. జనవరి విత్తనానికి మాత్రం మూడోది కూడా కావాలి. అదే నేలలోని వెచ్చదనం. తేమ చేతికి తెలుస్తుంది. వెచ్చదనం చేతికి సరిగా తెలియదు. అక్కడే పొరపాటు జరుగుతుంది.

ముందుగా విత్తాలని మనం ఎందుకు తొందరపడతాం? కారణాలు సరైనవే. బావిలో నీరు ఏప్రిల్ నాటికి అడుగంటుతుంది. పూత సమయానికి ఎండలు ముదిరితే గింజ కట్టదు. మళ్లీ తొలకరికి పొలం ఖాళీ కావాలి. అయితే సంకర విత్తనం సంచి కొనడం ఈ రోజుల్లో చిన్న ఖర్చు కాదు. చాలామంది అప్పు మీదే తెస్తారు. ఆ గింజ చల్లని బురదలో పడి పదిహేను రోజులు కదలకుండా ఉంటే, కొన్ని కుళ్లి, కొన్ని చీమలకూ పురుగులకూ పోయి, మిగిలినవి ఒకటి ముందు, ఒకటి వెనుక మొలుస్తాయి. మళ్లీ విత్తనం కొనాలంటే చేతిలో డబ్బు ఉండదు, ఎదుట కాలమూ ఉండదు.

నేలలో పడిన గింజకు ఏం జరుగుతుందో చూద్దాం. ఎండు గింజ మొదట నీటిని పీల్చుకుంటుంది. మొదటి ఒకటి రెండు రోజుల్లోనే తన బరువులో దాదాపు మూడో వంతు నీటిని తాగేస్తుంది. ఇది గింజ ప్రాణానికి చాలా సున్నితమైన ఘడియ. అప్పుడు తాగే నీరు పది డిగ్రీల సెంటీగ్రేడు కన్నా చల్లగా ఉంటే, గింజలోని కణాల పొరలు సాగలేక చిట్లుతాయి. లోపలి చక్కెర బయటికి కారుతుంది. ఆ తీపికి నేలలోని బూజు తెగుళ్లు చేరతాయి. అలాంటి గింజ తరువాత ఎండ కాసినా సరిగా మొలవదు. మొలిచినా మొలక వంకర తిరిగి, నేల లోపలే ఆకు విప్పుకుంటుంది. కాబట్టి విత్తిన తొలి రెండు రోజులు నేల ఎలా ఉంటుందన్నది ముఖ్యమని గుర్తుంచుకోండి.

పది డిగ్రీలన్నది గింజ పని మొదలుపెట్టే హద్దు. అంతకన్నా తక్కువలో గింజ నీరు తాగుతుంది కానీ ఎదగదు. పదికి పైన ప్రతి డిగ్రీ లెక్కలోకి వస్తుంది. దీనికి ఒక సులువైన లెక్క ఉంది. ఉదయం నేల వేడిని, మధ్యాహ్నం నేల వేడిని కలిపి రెండుతో భాగిస్తే ఆ రోజు సగటు వస్తుంది. ఆ సగటులోంచి పది తీసేయండి. మిగిలింది ఆ రోజు గింజ ఖాతాలో పడిన జమ. ఇలా రోజూ కూడుకుంటూ పోతే, జమ దాదాపు 65 అయినప్పుడు మొలక నేల పైకి వస్తుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. ఉదయం 14 డిగ్రీలు, మధ్యాహ్నం 26 డిగ్రీలు ఉంటే సగటు 20. పది తీసేస్తే రోజుకు పది జమ. వారం లోపే మొలక కనిపిస్తుంది. సగటు 16 ఉంటే రోజుకు ఆరే జమ, పదకొండు రోజులు పడుతుంది. సగటు 13 అయితే మూడు వారాలు. అదే సగటు 25 ఉంటే నాలుగైదు రోజులు చాలు.

ఇప్పుడు తొందర వల్ల ఎంత లాభమో లెక్క వేద్దాం. వరి కోసిన తడి మడి ఒకటి ఉందనుకోండి. అక్కడ జనవరి మొదటి పక్షంలో నేల సగటు 14 డిగ్రీలు. చలిగాలులు తగ్గాక జనవరి 15 నుంచి సగటు 18 అయిందనుకోండి. ఒక రైతు 5వ తేదీన విత్తాడు. మొదటి పది రోజుల్లో అతని గింజకు రోజుకు నాలుగు చొప్పున 40 జమ అయింది. తరువాత రోజుకు ఎనిమిది చొప్పున మూడు రోజులు. అంటే 18వ తేదీ ప్రాంతంలో మొలక వచ్చింది. పక్క మడి రైతు 15వ తేదీ దాకా ఆగి విత్తాడు. రోజుకు ఎనిమిది చొప్పున ఎనిమిది రోజులు, 23వ తేదీకి మొలక వచ్చింది. మొదటి రైతు పది రోజులు ముందు విత్తి సంపాదించింది ఐదు రోజులే. ఆ ఐదు రోజుల కోసం అతని గింజ పదమూడు రోజులు చల్లని తడిలో పడి ఉంది. పదింటిలో రెండు గింజలు పోయినా ఆ లాభం మిగలదు. పైగా మొక్కలు ఒకేసారి లేవవు. వారం ఆలస్యంగా లేచిన మొక్క ముందు లేచిన మొక్కల నీడలో పడి సరైన కంకి వేయదు. నీరూ ఎరువూ మాత్రం తింటుంది. అది కలుపు మొక్కతో సమానమే.

మొలిచిన తరువాత కూడా నేల వేడితో పని ఉంటుంది. మొక్కజొన్నకు ఐదారు ఆకులు వచ్చేదాకా దాని ఎదుగుదల మొగ్గ నేల మట్టానికి కిందనే ఉంటుంది. అందువల్ల ఒక రాత్రి చలికి పై ఆకులు మాడినా మొక్క తిరిగి తేరుకుంటుంది. అదే కారణంగా నేల చల్లగా ఉన్నంతకాలం పైన ఎండ కాసినా మొక్క నిలుచున్న చోటనే నిలుస్తుంది. చల్లని నేలలో వేరు భాస్వరాన్ని సరిగా తీసుకోలేదు. ఆకుల అంచులు ఊదా రంగుకు తిరుగుతాయి. అది చూసి కంగారుపడి మళ్లీ డి.ఎ.పి. తెచ్చి వేయనక్కర లేదు. విత్తేటప్పుడు వేయవలసిన భాస్వరం వేసి ఉంటే, నేల వేడెక్కగానే కొత్త ఆకు పచ్చగా వస్తుంది.

ఇక నేల వేడిని కొలవడం. జ్వరం చూసే థర్మామీటరు దీనికి పనికిరాదు, అది 35 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. బడి ప్రయోగశాలలకు సామాను అమ్మే దుకాణంలో దొరికే మామూలు గాజు థర్మామీటరు, సున్నా నుంచి అంకెలున్నది, ఒకటి చాలు. నలుగురైదుగురు రైతులు కలిసి ఒకటి కొనుక్కున్నా సరిపోతుంది. గాజుగొట్టాన్ని నేలలోకి నేరుగా గుచ్చకండి, విరిగిపోతుంది. ముందు ఒక పెద్ద మేకుతో ఐదు సెంటీమీటర్ల లోతు రంధ్రం చేయండి. అంటే మూడు వేళ్ల వెడల్పు. గింజ పడే లోతు అదే. థర్మామీటరు దింపి చుట్టూ మట్టి అదమండి. ఐదు నిమిషాలు ఆగి, బయటికి తీయకుండానే అంకె చూడండి. మీ నీడ ఆ చోట పడకుండా నిలబడండి.

ఉదయం ఏడు గంటలకు ఒకసారి, మధ్యాహ్నం రెండు గంటలకు ఒకసారి చూడాలి. ఆ లోతులో నేల ఇంచుమించు తన కనిష్ఠానికి, గరిష్ఠానికి చేరే వేళలు అవే. మన దేశంలో వ్యవసాయ వాతావరణ కేంద్రాలు నేల వేడిని నమోదు చేసేది కూడా ఈ రెండు వేళల్లోనే. పొలంలో ఒక్క చోట చూసి తృప్తిపడకండి. గట్టు వార, చెట్టు నీడ, పల్లం, మెరక, ఇలా నాలుగు చోట్ల చూసి, అన్నిటికన్నా చల్లగా ఉన్న చోటును బట్టి నిర్ణయించండి. వరుసగా మూడు రోజులు చూడండి. ఉదయం అంకె 12కు తగ్గకుండా, రెండు పూటల సగటు 16 దాటి, రోజురోజుకీ పెరుగుతూ ఉంటే విత్తుకోవచ్చు. పది డిగ్రీలే హద్దు అయినప్పుడు 12 ఎందుకంటే, విత్తిన తరువాత ఒక చలిగాలి వచ్చినా గింజ తట్టుకోవడానికి ఆ రెండు డిగ్రీలు చేతిలో ఉండాలి.

ఒక్క విషయం గమనించండి. రేడియోలో చెప్పే కనిష్ఠ ఉష్ణోగ్రత గాలిది, నేలది కాదు. తెల్లవారుజామున ఐదు సెంటీమీటర్ల లోతు నేల సాధారణంగా గాలి కన్నా కొన్ని డిగ్రీలు వెచ్చగా ఉంటుంది. గాలి ఎనిమిది డిగ్రీలన్నారని విత్తడం మానుకోనక్కర లేదు, మధ్యాహ్నం చొక్కా తడిసిందని విత్తనక్కరా లేదు. నేలనే అడగాలి.

ఒకే ఊళ్లో రెండు పొలాలు ఒకేలా వేడెక్కవు. దీనికి ముఖ్య కారణం నీరు. నీటిని వేడి చేయడానికి పొయ్యి మీద ఎంత సేపు పడుతుందో మీకు తెలుసు. తడి నేల కూడా అంతే. ఎర్ర చలక, ఇసుక నేలలు నీటిని త్వరగా వదులుతాయి, త్వరగా వేడెక్కుతాయి. నల్లరేగడి రంగుకు వేడిని బాగా పీలుస్తుంది కానీ తడిగా ఉన్నంతకాలం చల్లగానే ఉంటుంది. వరి కొయ్యకాళ్లు, చెత్త కప్పిన నేలకు ఎండ తగలదు. కొండల నడుమ పల్లపు మడుల్లోకి రాత్రి చల్లగాలి జారి నిలుస్తుంది, పొగమంచు పొద్దెక్కేదాకా వీడదు. ఇవి అన్నిటికన్నా ఆలస్యంగా వేడెక్కే నేలలు.

ఇప్పుడు ప్రాంతాలవారీగా చూద్దాం. బళ్లారి, రాయచూరు, పావగడ వైపు శ్రోతలకు జనవరిలో నేల చలి పెద్ద సమస్య కాదు. యానాం చుట్టూ గోదావరి డెల్టాలోనూ అంతే. అక్కడ వరి కోయగానే దున్నకుండా విత్తే మొక్కజొన్నకు చూసుకోవలసింది పదును, మురుగు నీరు పోయే దారి. హోసూరు, కోలారు మెట్ట ప్రాంతం కొంత ఎత్తున ఉండడం వల్ల తెల్లవారుజామున చలిగానే ఉంటుంది, అయినా పొడి ఎర్రనేల మధ్యాహ్నానికి చక్కగా కాగుతుంది. థర్మామీటరుతో ఎక్కువ పని ఉన్నది రెండు ప్రాంతాల్లో. ఒకటి ఒడిశాలోని కొరాపుట్ పీఠభూమి, అంటే సెమిలిగుడ, పొట్టంగి, నందపూర్ వంటి ఎత్తు ప్రదేశాలు. రెండోది మహారాష్ట్రలోని కిన్వట్, రాజురా, జివతి వైపూ, వాటిని ఆనుకున్న ఆదిలాబాద్ వైపూ. ఈ రెండు చోట్లా చలిగాలుల రోజుల్లో ఉదయపు గాలి పది డిగ్రీల కిందికి పోవడం కొత్త కాదు.

అయితే ఈ రెండు ప్రాంతాలకూ ఒకే సలహా చెప్పడం తప్పు. ఎందుచేతనంటే రెండో వైపున ఎండ ఉంది. మొక్కజొన్న పూత దశలో గాలి 35 డిగ్రీలు దాటి పొడిగా ఉంటే కంకి పీచు ఎండడం మొదలవుతుంది. 38 దాటితే పుప్పొడి సత్తువ తగ్గుతుంది. పుప్పొడి అందని చోట గింజ ఉండదు, కంకి నిండా ఖాళీలే. చంద్రపూర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఏప్రిల్ మధ్యకు 40 డిగ్రీలు దాటడం మామూలే. విత్తిన తరువాత పూత రావడానికి రకాన్ని బట్టి, చలిని బట్టి 55 నుంచి 70 రోజులు పడుతుంది. పూత మార్చి నెలాఖరు లోపు ముగియాలంటే వెనక్కి లెక్క వేసుకోండి. జనవరి రెండో వారం నుంచి నెలాఖరు దాకా మీ గడువు. మరీ ఆలస్యమైతే తక్కువ కాలపు రకంతో ఫిబ్రవరి మొదటి వారం. ఆ మూడు నాలుగు వారాల్లో చలిగాలి లేని రోజులు చూసుకుని విత్తడమే మీ పని. ఇక్కడి మైదానపు నేల చలిగాలి పోగానే రెండు మూడు రోజుల్లో తేరుకుంటుంది కాబట్టి భయపడనక్కర లేదు.

కొరాపుట్ కొండల మీద సంగతి వేరు. అక్కడ నేల ఆలస్యంగా వేడెక్కుతుంది, కానీ ఏప్రిల్ ఎండ మైదానాల్లో ఉన్నంత తీవ్రంగా ఉండదు. కాబట్టి ఫిబ్రవరి మధ్య దాకా ఆగినా పూతకు ప్రమాదం తక్కువ. అక్కడ గడువు పెట్టేది గెడ్డలోని నీరు. ఆ నీరు ఎన్నాళ్లు వస్తుందో మీకు తెలుసు. ఆ లెక్కకు లోబడి నేల వేడెక్కేదాకా ఆగండి.

క్లుప్తంగా చెప్పాలంటే, చలి ఎక్కువగా ఉన్న చోట తొందర అక్కర లేదు, ఎండ ఎక్కువగా ఉన్న చోట చలికి మరీ భయపడనక్కర లేదు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఒక చోటి తేదీని ఇంకో చోట అనుసరించినప్పుడు. సరిహద్దున ఉన్న మనకు ఇది తరచుగా జరుగుతుంది. చుట్టం పార్వతీపురం నుంచి వచ్చి మా ఊళ్లో విత్తేశాం అంటాడు. పొట్టంగిలో ఉన్న అల్లుడు మర్నాడే విత్తనం సంచి విప్పుతాడు. చుట్టం చెప్పింది అబద్ధం కాదు, ఆ నేల వేరు, అంతే.

నేల వేడెక్కేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర లేదు. త్వరగా వేడెక్కేలా చేయవచ్చు. మొదటిది, తూర్పు పడమరలుగా బోదెలు తీసి, బోదెకు దక్షిణం వైపున విత్తండి. చలికాలంలో సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు కాబట్టి ఆ వాలుకు ఎండ ఎక్కువ తగులుతుంది. బోదె మట్టిలో నీరు కూడా నిలవదు. రెండోది, విత్తే సాలు మీది చెత్తను జానెడు వెడల్పున పక్కకు తీయండి. పొలమంతా కాల్చనక్కర లేదు. మూడోది, పొడి నేలలో విత్తి పైన చల్లని నీరు పెట్టకండి. ముందుగానే తడి ఇచ్చి, నేల పదునుకు వచ్చి రెండు ఎండలు తగిలాక విత్తండి. తప్పనిసరిగా విత్తాక తడి ఇవ్వవలసి వస్తే పొద్దెక్కాక ఇవ్వండి. చలికాలపు ఉదయం బోరు నీరు గోరువెచ్చగా ఉండడం మీరు చూసే ఉంటారు, అది మంచిదే. రాత్రంతా ఆరుబయట ఉన్న చెరువు నీరు, కాలువ నీరు అలా ఉండదు. నాలుగోది, విత్తనం ఉదయం పది గంటల తరువాత మొదలుపెట్టి మూడు లోపు ముగించండి. గింజ మొదటి గుక్క వెచ్చని నీరు తాగుతుంది. ఐదోది, నాలుగైదు సెంటీమీటర్లకు మించి లోతు వేయకండి. విత్తన శుద్ధి చేయని గింజను చల్లని నేలలో అసలు వేయకండి. 2018లో మన దేశంలో మొదట కర్ణాటకలో కనిపించిన కత్తెర పురుగు ఇప్పుడు అన్ని చోట్లా ఉంది కాబట్టి, తెగులుతో పాటు పురుగుకు కూడా పనికివచ్చే విత్తన శుద్ధి మందును సంచి మీద రాసిన మోతాదు ప్రకారం పట్టించండి. సంచిలోని విత్తనానికి ముందే మందు పట్టించి ఉంటే మళ్లీ పట్టించనక్కర లేదు.

థర్మామీటరు దొరకని వాళ్లకు గింజే కొలమానం. పొలంలో చల్లగా ఉండే మూలన ఇరవై గింజలు వరుసగా నాటండి. ఐదో రోజున నాలుగు తవ్వి చూడండి. తెల్లని వేరు మొలక గట్టిగా బయటికి వచ్చి ఉంటే నేల సిద్ధమైనట్టే, మర్నాడే విత్తుకోండి. గింజ ఉబ్బి, వేరు రాకుండా ఉంటే మరి నాలుగు రోజులు ఆగండి. నొక్కితే మెత్తగా ఉండి పులిసిన వాసన వస్తే ఆ నేల ఇంకా సిద్ధం కాలేదని అర్థం. ఇరవై గింజలు పోతే పోయినట్టు లెక్క కాదు, సంచి మిగిలింది.

ఇప్పటికే విత్తేసిన వాళ్లు ఏం చేయాలి? మొలక రాలేదని ఆత్రపడి మళ్లీ తడి ఇవ్వకండి, నేల మరింత చల్లబడుతుంది. వాన పడి పైన చెక్కు కట్టి ఉంటే తేలికగా పగలగొట్టండి. జమ లెక్క 65 దాటి నాలుగైదు రోజులైనా రాని చోట తవ్వి చూడండి. ఖాళీలు అక్కడక్కడా ఉంటే వెంటనే నానబెట్టిన గింజతో పూరించండి. పొలంలో సగం ఖాళీగా ఉంటే అతుకులు వేయడం కన్నా దున్ని తిరిగి విత్తడం మేలు, గడువు మిగిలి ఉంటేనే సుమా. గడువు దాటిపోతే గింజ పంట మీద ఆశ పెట్టుకోకుండా పచ్చిమేతకు వేయండి. పట్టణం దగ్గర ఉన్నవాళ్లు ముందే బేరం కుదుర్చుకుని బేబీ కార్న్ వేయవచ్చు. పుప్పొడి అవసరం రాకముందే లేత కంకిని కోస్తారు కాబట్టి దానికి ఆ ఎండ భయం తక్కువ.

చివరిగా ఒక మాట. మనం ఉన్న రాష్ట్రాల్లో వ్యవసాయ సూచనలు ఆ రాష్ట్ర భాషలో వస్తాయి. భాష తెలియదని కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లడం మానుకోకండి. మరాఠీలో మాతీచే తాపమాన్ అనండి, ఒడియాలో మాటిర తాపమాత్రా అనండి, కన్నడంలో మణ్ణిన ఉష్ణాంశ అనండి, తమిళంలో మణ్ వెప్పనిలై అనండి. ఐదు సెంటీమీటర్ల లోతున, ఉదయం ఏడింటికి, మధ్యాహ్నం రెండింటికి ఎంత ఉందో అడగండి. వాళ్లు చెప్పేది ఒక అంకె. అంకె ఏ భాషలోనైనా ఒకటే. దాన్ని మీ పొలంలో మీరు చూసిన అంకె పక్కన రాసుకోండి. రెండు మూడేళ్లు అలా రాసుకుంటే, మీ ఊరికి, మీ మడికి సరిపోయే తేదీ మీ ఇంటి గోడ మీదే ఉంటుంది. తరువాత ఎవరి తేదీ కోసమూ ఎదురుచూడనక్కర లేదు.

అదును చూసి, పదును చూసి, నేల వెచ్చదనం కూడా చూసి విత్తండి.